మన ప్లాట్‌లో మొలిచిన ఆ పొద... దాని పేరేంటి?

"ఏం చెట్టు కాయలు తిన్నాడు?"

రాత్రి ఎనిమిదిన్నరకి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. అక్క నా వంక చూసింది. నేను బావ వంక చూశా. బావ తన ఫోన్ వంక చూసుకున్నాడు. ముగ్గురికీ కలిపి నాలుగు డిగ్రీలున్నాయి. చెట్టు పేరు మాత్రం ఒక్కరికీ తెలీదు.

జరిగింది చెప్తా. షాద్‌నగర్ వైపు మా నాన్న ఎప్పుడో కొన్న 200 గజాల ప్లాటు ఒకటుంది. కొన్నాక సంవత్సరానికోసారి వెళ్లి హద్దురాళ్లు ఉన్నాయో లేదో చూసి రావడం తప్ప దాన్ని పట్టించుకున్నది లేదు. ఈసారి ప్రహరీ కట్టిద్దామని ఆదివారం అందరం కార్లో వెళ్లాం. మేం టేపు పట్టుకుని కొలతల మీద కొట్లాడుకుంటుంటే, ఏడేళ్ల మేనల్లుడు ఒక పొద కింద కూర్చుని నల్లటి గింజలు ఏరుకుని, రాయితో కొట్టి, లోపలి తెల్ల పప్పు తిన్నాడు. నాక్కూడా ఒకటి తెచ్చిచ్చాడు. "తియ్యగా ఉంది మామా, బాదం పప్పులా" అన్నాడు. నేను జేబులో వేసుకుని మర్చిపోయా. వాడు ఎన్ని తిన్నాడో ఎవరూ లెక్కపెట్టలేదు. తిరుగు ప్రయాణంలో, శంషాబాద్ దాటకముందే వాంతులు మొదలయ్యాయి. తర్వాత విరేచనాలు. ఆస్పత్రికి చేరేసరికి పిల్లాడు తోటకూర కాడలా వాలిపోయాడు.

"పేరు తెలీకపోతే ఫోటో ఉందా?" అన్నారు డాక్టర్. ఉంది. వాడు నాలుక బయటపెట్టి దిగిన సెల్ఫీ. వెనకాల పచ్చగా మసక మసకగా పొద. దాన్నే క్రాప్ చేసి గూగుల్ లెన్స్‌లో పెడితే ఒకసారి ఆముదం అంది, ఇంకోసారి పత్తి అంది, మూడోసారి ఏదో కుండీలో పెంచుకునే మొక్క చూపించింది. ఆముదం అన్న మాటకి డాక్టర్ ముఖం మారింది. ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది, అది నిజంగా ప్రమాదం. పత్తి అయితే సంగతి వేరు. ఏదనుకుని చూడాలి?

జేబులో గింజ గుర్తొచ్చింది అప్పుడు. ఆ గింజ, ఒక ఫోన్ కాల్, ఈ రెండే ఆ రాత్రి పనికొచ్చాయి. ప్లాటు పక్క చేను పెద్దాయన నంబర్ నాన్న దగ్గరుంది. చేస్తే నిద్రలోంచి లేచి ఎత్తాడు. "మూడు గింజల కాయనా? ముండ్లు లేవు గదా? గది అడవి ఆముదం బిడ్డా. ఎన్కట కంచెకు పెడ్తుంటిమి. పసులు గూడ ముట్టయి దాన్ని. పోరడు తిన్నడా? జల్ది దవాఖానకు కొంటబోండ్రి" అన్నాడు.

దవాఖానలోనే ఉన్నాం తాతా అన్నాను. డాక్టర్ గింజ చూసి, పేరు విని, తల ఊపారు. సెలైన్ ఎక్కించి రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి వాడు దోసె కావాలని గొడవ మొదలుపెట్టాడు. అక్క అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది.

అడవి ఆముదం ఆముదం కాదు

దీని శాస్త్రీయ నామం జట్రోఫా కర్కాస్. పేరు ఎక్కడో విన్నట్టుందా? డీజిల్ మొక్క అంటూ ఒకప్పుడు పేపర్ల నిండా ఉండేది ఇదే. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ బయోడీజిల్ కోసం దీన్ని పెద్ద ఎత్తున నాటాలని సూచించింది. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి ఇంధనంలో ఇరవై శాతం కలపాలని లక్ష్యం పెట్టుకుంది. బంజరు భూమిలో నీళ్లు లేకుండా కాసేస్తుందన్నారు. బతకడమైతే బతికింది కానీ చెప్పినంత కాయలేదు. ఉత్సాహం చల్లబడింది, మొక్కలు మిగిలిపోయాయి. అసలు దీని పుట్టిల్లు మధ్య అమెరికా. పోర్చుగీసు వాళ్ల ఓడలతో పాటు ఇటు వచ్చిందంటారు. మేకలు, పశువులు ముట్టవు కాబట్టి పొలం గట్ల మీద కంచెగా స్థిరపడింది. ఇప్పుడు పొలాలు వెంచర్లయ్యాయి. కంచె మాత్రం మన ప్లాట్లలో ఉండిపోయింది.

పల్లెల్లో పెరిగినవాళ్లకి ఇది బాగా తెలుసు. కొమ్మ విరిస్తే వచ్చే జిగురు పాలతో బుడగలు ఊదిన బ్యాచ్ వాళ్లు. ఆ జిగురు చొక్కాకి అంటితే గోధుమరంగు మరక, ఉతికినా పోదు. మా నాన్నకీ తెలిసి ఉండాలి నిజానికి. అడిగితే "చిన్నప్పుడు చూశాను రా, అదే ఇదని తట్టలేదు" అన్నాడు. నలభై ఏళ్లు సిటీలో ఉంటే అంతే కాబోలు.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. అసలు ఆముదం ఆకు చెయ్యి చాచినట్టు లోతుగా చీలి ఉంటుంది, అంచుల్లో రంపపు పళ్లు, కాడ ఆకు మధ్యలో గొడుగు కర్రలా అతుక్కుంటుంది. కాయ మీద సాధారణంగా మెత్తటి ముళ్లు, గింజ మీద మచ్చలు. అడవి ఆముదం ఆకు గుండె ఆకారంలో, మూడు నుంచి ఐదు కోణాలతో, పెద్దగా చీలకుండా ఉంటుంది. కాయ నున్నగా, పెద్ద ఉసిరికాయంత. మొదట ఆకుపచ్చ, పండితే పసుపు, ఎండితే నలుపు. పగలగొడితే మామూలుగా మూడు నల్ల గింజలు. అసలు ఇబ్బంది రుచిది. చేదుగా ఉంటే పిల్లలు ఉమ్మేసేవాళ్లే. ఇది తియ్యగా ఉంటుంది. అందుకే బడి ఆవరణలోనో ఊరి చివరో పిల్లలు గుంపుగా తిని ఆస్పత్రి పాలైన వార్తలు మనకి అప్పుడప్పుడూ కనబడుతుంటాయి. చాలామంది వైద్యంతో కోలుకుంటారు. కానీ అందాకా నీళ్లు కోల్పోయిన చిన్న ఒంటికి అదే పెద్ద గండం.

ఇంకో తిరకాసు ఉంది. దీన్ని కొన్ని ఊళ్లలో నేపాళం అంటారు. అయితే నేపాళం అనే పేరే క్రోటన్ టిగ్లియం అనే మరో మొక్కకీ ఉంది. దాని నూనె చుక్క కూడా ప్రమాదమే. అంటే "నేపాళం తిన్నాడు" అని ఫోన్లో చెబితే వినేవాళ్లకి రెండు మొక్కల్లో ఏదైనా తట్టొచ్చు. ఊరిపేర్లు మనవే, ముద్దుగానే ఉంటాయి, కానీ జిల్లా దాటితే అదే పేరు ఇంకో చెట్టుకి అతుక్కుంటుంది. లాటిన్ పేరు నోరు తిరక్కపోయినా పనికొచ్చేది అక్కడే.

లాటిన్ పేర్ల గురించి ఒక ముచ్చట. 1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టర్ సామర్లకోటలో ఉద్యోగం చేస్తూ చుట్టుపక్కల మొక్కలన్నీ పట్టుకున్నాడు. స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించి, కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద సచిత్ర గ్రంథం తెచ్చాడు. మొక్కల వివరాలతో పాటు తెలుగు పేర్లూ రాసుకున్నాడు. ఆ పేర్లు ఎవరిని అడిగి రాసుకున్నాడు? పక్క చేను పెద్దాయనలాంటి వాళ్లనే కదా.

జేసీబీ వచ్చేలోపు

పిల్లాడు ఇంటికి రాగానే బావ మొదటి మాట: "రేపే జేసీబీ పెట్టి మొత్తం చదును చేయిస్తా." నాకూ అదే న్యాయం అనిపించింది. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "అక్కడ తంగేడు ఉందిరా. బతుకమ్మకి ఏటా అక్కడినుంచే కదా తెచ్చేది" అంది. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఇప్పుడు అది కూడా కొనుక్కుంటున్నాం. ఊరి చివర ప్లాట్లన్నీ చదునైపోతుంటే తంగేడు ఎక్కడ పూస్తుంది? సరే, జేసీబీని వారం వాయిదా వేశాం. ఆ వారంలో నేను రెండుసార్లు వెళ్లి ఒక్కో పొద ముందు కూర్చున్నా. నవ్వకండి, నిజంగానే కూర్చున్నా.

మొదటిరోజే ఒకటి అర్థమైంది. మనం చెట్టుని చూడం, పువ్వుని చూస్తాం. పువ్వు లేకపోతే పచ్చగా ఉన్నదంతా ఒకటే. అందుకని ముందు ఆకులు కొమ్మకి ఎలా అతుక్కున్నాయో చూడాలి. ఒకటి ఇటు, తర్వాతది అటు వస్తే ఒక వర్గం. మందార అలాంటిది. రెండు ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తే ఇంకో వర్గం. గోరింటాకు, జిల్లేడు, వావిలి అలాంటివి. గన్నేరులో ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులుంటాయి. ఈ ఒక్క సంగతి చూస్తేనే సగం అనుమానాలు తీరిపోతాయి. అదీ కాకుండా ఇది ఏడాది పొడవునా కనిపించే గుర్తు, పూత కోసం ఆగక్కర్లేదు.

రెండోది, ఏది ఆకు? మనం ఆకు అనుకునేది చాలాసార్లు ఆకులో ముక్క మాత్రమే. కరివేపాకు రెమ్మ మొత్తం కలిపి ఒక ఆకు. పోపులో పడేవి దాని రెబ్బలు. ఎలా తెలుస్తుందంటే, కాడ కొమ్మని కలిసే మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. రెబ్బ మొదట్లో ఆ మొగ్గ ఉండదు. మొగ్గ ఎక్కడుంటే ఆకు అక్కడ మొదలు. ఇది తెలిశాక వేపచెట్టు కూడా కొత్తగా కనిపించింది నాకు.

తర్వాత ఆకు నలిపి వాసన చూడటం. వావిలి ఘాటు ఒకసారి తెలిస్తే మర్చిపోరు. లాంటానా వాసన కూడా అంతే. దానికి నాలుగు పలకల కాండం, మీద గీరుకునే ముళ్లు అదనపు గుర్తు. అయితే నలిపేముందు కొమ్మ విరిచి పాలు కారుతున్నాయేమో చూడండి. పాలు కారితే చేతులు దూరం. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. వయ్యారిభామ లాంటివి కొందరికి ముట్టుకుంటేనే దద్దుర్లు. ఇక రుచి చూడటం అనే పని ఎవరూ, ఎప్పుడూ, నాలుక చివరతో కూడా చేయొద్దు. మా వాడు మా ఇంటిల్లిపాది తరఫునా చేసేశాడు.

తంగేడు పక్కనే ఇంకొకటి

అమ్మ చెప్పిన తంగేడు దొరికింది. రెండు పొదలు, పసుపుపచ్చ పూలు. కాస్త అవతల అలాంటివే పసుపు పూలతో మరో మొక్క, నడుమెత్తు. వీడియో కాల్‌లో చూపిస్తే "అదీ తంగేడే" అంది అక్క. నాకూ అలాగే అనిపించింది. దగ్గరికెళ్లి చూస్తే లెక్క కుదర్లేదు.

తంగేడు ఆకులో రెబ్బలు చాలా జతలుంటాయి, చిన్నవి, కొస గుండ్రం. ఆకు కాడ కొమ్మని కలిసే చోట చెవుల్లాంటి రెండు చిన్న ఆకులు అంటిపెట్టుకుని ఉంటాయి. సెన్నా ఆరిక్యులేటా అనే పేరులో ఆరిక్యులేటా అంటే చెవులున్నది అనే. రెండో మొక్కకి చెవులు లేవు. రెబ్బలు నాలుగైదు జతలే, పెద్దవి, కొస సూదిగా. నలిపితే కంపు. కాయలు చపటగా, కాస్త పైకి వంగి, గోధుమరంగు మధ్యలో, లేతరంగు అంచులతో. అది కసింద. శాస్త్రీయంగా సెన్నా ఆక్సిడెంటాలిస్.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో ఏళ్ల తరబడి చలికాలం మొదలయ్యే రోజుల్లో చిన్నపిల్లలు ఉన్నట్టుండి వాంతులు, స్పృహ తప్పడం, ఒకట్రెండు రోజుల్లో చనిపోవడం జరిగేది. ఏదో వైరస్ మెదడువాపు అనుకున్నారు. అక్కడి వైద్యులు ఇంటింటికీ తిరిగి ఆరా తీస్తే తేలిందేంటంటే, ఆ పిల్లలు అంతకుముందు కసింద కాయలు తిన్నారు. బఠాణీల్లా ఆడుకుంటూ తినేశారు. ఆ అధ్యయనం 2007లో వచ్చింది. 2016లో మన అల్లూరి జిల్లాకి ఆనుకునే ఉన్న ఒడిశాలోని మల్కనగిరిలో వంద మంది దాకా పిల్లలు చనిపోయారు. జపనీస్ మెదడువాపుతో పాటు అక్కడ బడా చకుండా అనే మొక్క గింజలు కూడా కారణమని నిపుణుల బృందం చెప్పింది. బడా చకుండా అంటే మన కసిందే. పేదరికం, ఆకలి, ఇంటి చుట్టూ విరివిగా పెరిగిన ఒక మొక్క, అది ఇదేనని గుర్తుపట్టని వ్యవస్థ. జ్వరానికి దోమలూ వైరస్‌లూ వెతికినంతకాలం పెరట్లో మొక్కని ఎవరూ చూడలేదు.

దీని బంధువే తగిరిస, కొన్నిచోట్ల తంటెం అంటారు. వానాకాలంలో లేత ఆకు కూర వండుకుంటారు. దానికి మూడు జతల రెబ్బలు, కొస గుండ్రం, కాయలు సన్నగా పొడవుగా. ఒకటి పూజకి, ఒకటి కూరకి, ఒకటి ప్రాణానికి. మూడూ పసుపు పూలే, మూడూ ఒకే ఇంటి పిల్లలే, ఖాళీ ప్లాట్లో పక్కపక్కనే మొలుస్తాయి. అన్నీ ఒకటేలే అనుకుంటే కుదురుతుందా చెప్పండి.

ఫోన్‌ని నిందించే ముందు

ఆ రాత్రి లెన్స్ మీద చాలా కోపం వచ్చింది కానీ తప్పు నాదే. మసక సెల్ఫీ ఇచ్చి జవాబు అడిగితే అదేం చేస్తుంది? తర్వాత సరిగ్గా తీసిన ఫోటోలు పెడితే వెంటనే జట్రోఫా అంది. సరిగ్గా అంటే: మొత్తం పొద ఒకటి, పక్కన మనిషో కర్రో ఉండి ఎత్తు తెలిసేలా. ఆకుల వరస కనిపించేలా కొమ్మ ఒకటి. ఒక ఆకు పైవైపు, అదే ఆకు అడుగువైపు. పువ్వు ఎదురుగా, పక్కనుంచి. కాయ, కోసిన కాయ, గింజ, పక్కన రూపాయి బిళ్ల. బెరడు. గాలికి కొమ్మ ఊగుతుంటే వెనకాల తెల్లకాగితం పెట్టి ఇంకొకరిని పట్టుకోమనండి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కాకుండా పొద్దున తీస్తే రంగులు నిజంగా వస్తాయి. అంత ఓపిక లేదంటే కొమ్మ, కాయ, ఈ రెండైనా.

యాప్‌ల విషయానికొస్తే నేను రెండు వాడుతున్నా. ఫ్రాన్స్‌లో పుట్టిన ప్లాంట్‌నెట్‌లో ఇది ఆకు, ఇది పువ్వు అని విడివిడిగా చెప్పి ఫోటోలు ఇవ్వొచ్చు. ఐనాచురలిస్ట్ 2008లో కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. అందులో యాప్ ఊహతో పాటు మనుషులు కూడా చూసి పేరు చెప్తారు. చూసినవాళ్లలో మూడింట రెండొంతుల కన్నా ఎక్కువమంది ఒకే మాట అంటేనే దానికి పై స్థాయి దక్కుతుంది. నాకు అది నచ్చింది. ఏ యాప్ అయినా ఇచ్చేది ఊహే, సర్టిఫికెట్ కాదు. "తినొచ్చు" అన్న మాట యాప్ చెప్పినా, యూట్యూబ్ చెప్పినా నేనైతే నమ్మను. ఇంటి లొకేషన్ అందరికీ కనిపించకుండా సెట్టింగ్‌లో ఆపుకోవడం మర్చిపోకండి.

యాప్‌లు తలోమాట అంటే మనుషుల దగ్గరికి వెళ్లాలి. మండలంలో వ్యవసాయ విస్తరణాధికారి, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రం, డిగ్రీ కాలేజీ బోటనీ లెక్చరర్. మరీ వింత మొక్కైతే బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది. 1890లో మొదలైన సంస్థ, హైదరాబాద్‌లో దక్కన్ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. పూతో కాయో ఉన్న కొమ్మని పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, రోజూ పేపర్ మారుస్తూ ఎండబెట్టి తీసుకెళ్తే వాళ్లకి పని సులువు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఎత్తు, పువ్వు రంగేంటి, ఇవి కాగితం మీద రాసిపెట్టండి. ఎండాక పువ్వు రంగు ఉండదు.

ఇక అనుకోనిది జరిగితే. మా ఇంట్లో ఆ రాత్రి ఉప్పునీళ్లు తాగించి కక్కించమని ఒకరు, చింతపండు పులుసు అని ఒకరు ఫోన్లు చేశారు. డాక్టర్ రెండూ వద్దన్నారు. బలవంతంగా వాంతి చేయించకూడదు. నోట్లో మిగిలింది తీసేసి, నోరు కడిగి, ఆ చెట్టు కొమ్మ కాయలతో సహా ఒక కవర్లో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాలి. లేదా 108కి ఫోన్ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 1800 116 117. రాత్రీ పగలూ ఎత్తుతారు. అక్క దాన్ని ఫ్రిజ్ మీద అతికించింది.

జేసీబీ చివరికి వచ్చింది. అడవి ఆముదం పొదలు నాలుగూ వేళ్లతో సహా పోయాయి. రాలిన గింజల్ని గ్లౌజులు వేసుకుని నేనూ బావా గంటన్నర ఏరాం. కసిందని కాయ ఎండి గింజ రాలకముందే పీకేశాం. తంగేడు చుట్టూ ఎర్ర రిబ్బన్ కడితే డ్రైవరన్న "మొక్కు చెట్టా సార్?" అని అడిగి పక్కనుంచి పోనిచ్చాడు.

ఈశాన్యం మూల హద్దురాయి దగ్గర ఇంకొకటి మిగిలింది. మోకాలెత్తు, ఆకులు ఎదురెదురు, పాలు లేవు, వాసన లేదు. యాప్‌లు రెండూ రెండు పేర్లు చెప్పాయి. పక్క చేను పెద్దాయన కూడా చాలాసేపు చూసి, "నాకు గూడ ఎరుక లేదు బిడ్డా, పూతకు రానియ్యి" అన్నాడు. దాని మొదట్లో ఒక కర్ర పాతి తేదీ రాసి వచ్చా. పోయిన ఆదివారం చూశాను. ఇంకా మొగ్గ వెయ్యలేదు.